‘తండ్రీ, సిలువలో చనిపోయినందుకు వందనాలు’: మా సంఘంలో త్రిత్వ బోధ గురించి ఒక కేస్ స్టడీ

ఈ కేసు రాయడానికి సంబంధించినవాళ్ల అనుమతి తీసుకున్నాను. మనుషులను గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. కాపరులకు (పాస్టర్లకు), సండే స్కూల్ చెప్పేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. ఇందులో పెద్ద పొరపాట్లు చేసింది నేనే.

నేపథ్యం

మా సంఘం మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. ఇరవై ఏళ్లకు పైగా నేనే కాపరిని. త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే ముగ్గురూ ఒకే దేవుడన్న నమ్మకాన్ని, మేము ఒప్పుకుంటాం. మా విశ్వాస ప్రమాణంలో ఉంది, ప్రతి బాప్తిస్మంలో పలుకుతాం, ప్రతి ఆదివారం ఆశీర్వచనంలో వినిపిస్తుంది. కానీ సమస్య వచ్చాక నా ప్రసంగాల నోటుపుస్తకాలు మూడేళ్లవి తిరగేశాను. ప్రార్థన, కుటుంబం, క్షమాపణ, ఓర్పు, శోధన, అన్నీ ఉన్నాయి. దేవుడు ఎవరు అన్న ప్రశ్నను మాత్రం ఒక్క ఆదివారం కూడా తీసుకోలేదు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. అదీగాక, సిద్ధాంతం చెబితే జనం ఆవులిస్తారన్న భయం కూడా ఉండేది.

సమస్య బయటపడిన తీరు

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఇరవై నాలుగేళ్ల అబ్బాయి ఒకడు నా దగ్గరికొచ్చాడు. మా సండే స్కూల్లోనే పెరిగి, ఇప్పుడు అదే తరగతిలో పిల్లలకు చెబుతున్నవాడు. “అయ్యగారూ, నేను మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలనుకుంటున్నాను. ఈసారి యేసు నామంలో మాత్రమే” అన్నాడు.

కొంతకాలంగా అతను బయట ఒక బైబిలు తరగతికి వెళ్తున్నాడు. అక్కడ నేర్చుకున్నది ఇది: దేవుడు ఒక్కడే. పాత నిబంధనలో తండ్రిగా, సువార్తల్లో కుమారుడిగా, ఇప్పుడు పరిశుద్ధాత్మగా కనిపిస్తున్నది ఆ ఒక్కడే. అంటే యేసే తండ్రి, యేసే ఆత్మ. నేను అభ్యంతరం చెప్పబోతే నెమ్మదిగా అన్నాడు: “ఇది మీరు చెప్పిందే కదండీ. మంచు, నీళ్లు, ఆవిరి.”

నిజమే. చిన్నప్పుడు వాళ్ల తరగతికి వెళ్లి త్రిత్వాన్ని ఆ ఉపమానంతోనే చెప్పాను. అతనికి ఇంకొకటి కూడా గుర్తుంది. అప్పుడు చెయ్యెత్తి, “మరి గెత్సేమనేలో యేసు ఎవరికి ప్రార్థన చేశారండీ?” అని అడిగాడట. గెత్సేమనే అంటే సిలువకు ముందు రాత్రి యేసు ప్రార్థించిన తోట. “అది మర్మం బాబూ, పెద్దయ్యాక అర్థమవుతుంది” అని నేనన్నానట. నాకు ఆ సంగతే గుర్తులేదు. అతనికి పన్నెండేళ్లుగా గుర్తుంది.

ఆ ఉపమానం ఎక్కడ చెడుతుందో చెప్పాలి, ఇప్పటికీ చాలామంది వాడుతున్నారు కాబట్టి. ఒకే నీరు మంచుగా ఉన్నప్పుడు ఆవిరిగా ఉండదు. మంచు ఆవిరితో మాట్లాడదు, ఆవిరి మంచును ప్రేమించదు. కానీ లూకా 3:21–22లో కుమారుడు బాప్తిస్మం పొంది ప్రార్థిస్తున్నాడు, ఆత్మ పావురంవలె దిగి వస్తున్నాడు, తండ్రి పరలోకం నుంచి మాట్లాడుతున్నాడు. ముగ్గురూ ఒకే ఘడియలో ఉన్నారు. దేవుడు ఒకరి తర్వాత ఒకరిగా మూడు రూపాలు ధరించాడన్న బోధ 3వ శతాబ్దం ఆరంభంలో రోమాలో సబెల్లియస్ అనే బోధకుడి పేరుతో ప్రసిద్ధికెక్కింది, సంఘం దాన్ని తిరస్కరించింది. ఆధునిక కాలంలో అది అమెరికా పెంతెకొస్తు వర్గాల్లో మళ్లీ తలెత్తి, 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్‌లో చీలికకు దారితీసింది. ఆ అబ్బాయి కొత్త బోధలో పడ్డాడని మా పెద్దలు అనుకున్నారు. అది చాలా పాతది. దానికి విత్తనం వేసింది నా ఉపమానం.

మొదట చేసినవి

సంఘ పెద్దలతో కూర్చున్నాను. కొందరు అతన్ని ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనకు) దూరంగా ఉంచాలన్నారు. నేను ఒప్పుకోలేదు. విషయం చిన్నదని కాదు. యేసు ఎవరన్నది తేలకుండా ఆ బల్లకు అర్థమే లేదు. కానీ మనం నేర్పని పాఠంలో తప్పాడని ఎవరినీ శిక్షించలేం. పిల్లలకు చెప్పడం మాత్రం కొంతకాలం ఆపమన్నాను, అందుకు అతను మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. మళ్లీ బాప్తిస్మం ఇవ్వనని కూడా స్పష్టంగా చెప్పాను. మత్తయి 28:19లో ‘తండ్రియొక్కయు కుమారునియొక్కయు పరిశుద్ధాత్మయొక్కయు నామములోనికి’ అని ఉంది, నామము ఏకవచనమే. ఆ నామంలోకి అతను ఒకసారి వచ్చేశాడు.

ఇంతవరకు నా నిర్ణయాలు ఇప్పటికీ సరైనవే అనుకుంటాను. ఆ తర్వాతి ఆదివారం నుంచి తప్పటడుగులు మొదలయ్యాయి.

ప్రసంగ వేదిక మీద నుంచి ‘బయటి బోధల’ గురించి హెచ్చరించాను. పేరు చెప్పలేదు. కానీ ఎవరి గురించో యవ్వనస్థులందరికీ తెలుసు. అప్పటిదాకా పట్టించుకోనివాళ్లు కూడా అతని దగ్గరికి వెళ్లి అసలేమైందని అడిగారు. నెల తిరక్కుండా ఇంకో నలుగురు ఆ తరగతికి వెళ్లడం మొదలుపెట్టారు.

తర్వాత ఆరు వారాలు త్రిత్వం మీద వరుస ప్రసంగాలు చేశాను. 325లో సంఘ నాయకులు కూడిన నైసియా సభ ఏం చెప్పింది, కుమారుడు ‘తండ్రితో ఒకే స్వభావం గలవాడు’ అన్న మాట ఎందుకంత ముఖ్యం, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ పరిశుద్ధాత్మ గురించి ఏం చేర్చింది, అన్నీ చెప్పాను. చెప్పిన ప్రతి మాటా నిజమే. కానీ మూడో వారానికే ముఖాలు వాడిపోయాయి. ఆరో వారం తర్వాత ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, “చాలా లోతుగా చెప్పారండీ” అన్నాడు. ఏం అర్థమైందని అడిగితే నవ్వేశాడు.

భాషతో కూడా చిక్కు వచ్చింది. ‘ఒకే దేవుడు, ముగ్గురు వ్యక్తులు’ అని చెప్పుకుంటూ పోయాను. తెలుగులో ముగ్గురు వ్యక్తులు అనగానే మూడు శరీరాలు, మూడు మనసులు, మూడు ఇష్టాలు కళ్లముందు నిలబడతాయి. అది ముగ్గురు దేవుళ్ల లెక్క. “చూశారా, ఇదేనండీ మా భయం” అన్నాడు ఆ అబ్బాయి. అతని భయం అర్థం లేనిది కాదు. ఈ ‘వ్యక్తి’ మాట లోటు గురించి అగస్టీన్ అనే సంఘ బోధకుడు 5వ శతాబ్దంలోనే ఒప్పుకున్నాడు: అంతా చెప్పేశామని కాదు, మౌనంగా ఉండిపోకూడదని ఆ మాట వాడుతున్నామని. ఆ ఒప్పుకోలు నేను మొదటి వారమే చెప్పి ఉండాల్సింది.

వచనాలతో వాదన

తర్వాత రెండు సాయంత్రాలు అతనితో కూర్చుని వచనాలు చూశాం. ఇక్కడ నేను బాగానే నిలబడ్డాను. యోహాను 10:30 చూపించాడు: ‘నేనును తండ్రియును ఏకమై యున్నాము.’ “క్రియ చూడు బాబూ” అన్నాను. ఉన్నాను అనలేదు, యున్నాము అన్నాడు. గ్రీకులోనూ క్రియ బహువచనమే. ‘ఒకటి’ అన్న మాట నపుంసక లింగంలో ఉంది, ‘ఒకే ఆయన’ అనే పుంలింగంలో లేదు. యెషయా 9:6లో ‘నిత్యుడగు తండ్రి’ అని ఉంది కదా అన్నాడు. అక్కడ ఆ రాజు తన ప్రజలకు ఎలాంటివాడో చెబుతున్నారు, కుమారుడికి తండ్రితో ఉన్న సంబంధం గురించి కాదు అన్నాను. యోహాను 14:9లో ‘నన్ను చూచిన వాడు తండ్రిని చూచియున్నాడు’ దగ్గర చాలాసేపు ఆగాం. అదే అధ్యాయంలో కొంచెం కిందికి వస్తే, యేసు తాను తండ్రిని వేడుకుంటాననీ, తండ్రి వేరొక ఆదరణకర్తను, అంటే పరిశుద్ధాత్మను, ఇస్తాడనీ అంటాడు. వేడుకునేవాడు ఒకడు, ఇచ్చేవాడు ఒకడు, రాబోయేవాడు ఇంకొకడు.

రెండో సాయంత్రం చివర అతను బైబిలు మూసి అన్న మాటే ఈ కేసుకు మలుపు.

“మీరు చెప్పింది పుస్తకంలో ఉందండీ, కాదనను. కానీ మన సంఘంలో అలా నమ్మేవాళ్లెవరు? బుధవారం ప్రార్థనలు ఒకసారి వినండి.”

విన్నాను

నాలుగు బుధవారాలు ప్రార్థన కూడికలో ఊరికే కూర్చుని విన్నాను. మనవాళ్ల ప్రార్థనల్లో ‘తండ్రీ’ అన్న మాట ఊపిరిలా వస్తుంది, ప్రతి మూడు మాటలకు ఒకసారి. అది తప్పు కాదు, ప్రభువు నేర్పిన పిలుపే. కానీ ఆ పిలుపు వెంట ఏం వస్తోంది?

“ప్రేమగల తండ్రీ, మా కోసం సిలువెక్కి రక్తం కార్చిన తండ్రీ, మూడవ దినాన లేచిన తండ్రీ, నీకే స్తోత్రం తండ్రీ, యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ.”

ఒకరు కాదు, చాలామంది ఇలాగే. ఇంటికెళ్లి మా ఆదివారపు ఆరాధన రికార్డింగు పెట్టుకుని విన్నాను. నా ప్రార్థన కూడా అలాగే ఉంది.

3వ శతాబ్దం తొలి రోజుల్లో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత, ప్రక్సెయస్ అనే బోధకుడి గురించి రాస్తూ, అతను ఆత్మను తరిమేసి తండ్రిని సిలువ వేశాడు అన్నాడు. తండ్రే సిలువ మీద చనిపోయాడన్నట్టు బోధించాడని అర్థం. నేను ప్రసంగ వేదిక మీద ఏ బోధను ఖండించానో, మోకాళ్ల మీద అదే పలుకుతున్నాను. ఆ అబ్బాయి దారి తప్పలేదు. మా ప్రార్థనలు ఎటు తీసుకెళ్తాయో అటే నిజాయితీగా నడిచాడు. ప్రసంగం వారానికి ఒకటి, ప్రార్థనలు రోజూ. పిల్లలు దేవుణ్ణి ఎక్కువగా నేర్చుకునేది వాటి నుంచే.

అన్నిటికన్నా చెడ్డ పొరపాటు

ఇది తెలియగానే ఓపిక పట్టలేకపోయాను. తర్వాతి బుధవారం కూడిక మొదట్లోనే లేచి, తండ్రి సిలువలో చనిపోలేదని, అలా ప్రార్థించడం తప్పని, ఇకపై జాగ్రత్తగా పలకాలని చెప్పాను. ఉదాహరణగా ఒక వాక్యం కూడా వినిపించాను. ఎవరి నోట విన్నానో చెప్పలేదు. అవసరం లేకపోయింది.

మా కూడికలో ఒక అమ్మగారు ఉన్నారు. నేను రాకముందు నుంచీ బుధవారం ప్రార్థన నిలబెట్టింది ఆవిడే. రోగుల పేర్లు, పరీక్షలు రాసే పిల్లల పేర్లు, అన్నీ ఆవిడ నోట్లోనే ఉంటాయి. ఆ రోజు ఆవిడ ప్రార్థించలేదు. తర్వాతి వారమూ లేదు. మూడో వారం వాళ్లింటికి వెళ్లాను.

“నాకు ఇవన్నీ తెలియవండీ అయ్యగారూ” అన్నారు. “తప్పుమాట పలికి దేవుడికి కోపం తెప్పించడమెందుకని మనసులోనే చేసుకుంటున్నాను.”

నాకు మాట రాలేదు. చేతిలో బైబిలు ఉంది కాబట్టి రోమా 8:26 తీశాను. మనం యుక్తంగా ఎలా ప్రార్థన చేయాలో మనకు తెలియదని, ‘ఉచ్చరింపశక్యముకాని మూలుగులతో ఆ ఆత్మ తానే మన పక్షముగా విజ్ఞాపనము చేయుచున్నాడు’ అని ఉంది. చదువుతుంటే నేనేం చేశానో నాకే అర్థమైంది. ఆవిడ మాటలు తడబడినా ఆ ప్రార్థన తండ్రి దగ్గరికి ఎందుకు చేరుతుంది? లోపల ఆత్మ విజ్ఞాపన చేస్తున్నాడు కాబట్టి, తండ్రి దగ్గర కుమారుడు విజ్ఞాపన చేస్తున్నాడు కాబట్టి. త్రిత్వ సిద్ధాంతమంటే అదే. ఆవిడకు ధైర్యమివ్వాల్సిన సిద్ధాంతాన్ని తీసుకెళ్లి ఆవిడ నోరు మూయించాను. అక్కడే క్షమాపణ అడిగాను, తర్వాతి బుధవారం అందరి ముందు కూడా అడిగాను.

పని చేసినవి

ఆ ఇంటి నుంచి వచ్చాక మొత్తం ప్రణాళిక మార్చాను. ఎవరినీ దిద్దకూడదు, వినదగిన మాదిరి చూపించాలి అని నిర్ణయించుకున్నాను. కారణం తేలికే. ఎవరూ పాఠం చదివి ప్రార్థన నేర్చుకోరు. పక్కవాళ్లు చేస్తుంటే విని నేర్చుకుంటారు. వాళ్లు ‘సిలువెక్కిన తండ్రీ’ అన్నది నా నోట విని నేర్చుకున్నదే. కాబట్టి మార్పు కూడా నా నోటి నుంచే మొదలవ్వాలి.

ఎఫెసీ 2:18 కాగితం మీద రాసి ప్రార్థించే ముందు చూసుకునేవాణ్ణి: ఆయన ద్వారా, ఒక్క ఆత్మయందు, తండ్రి సన్నిధికి. మూడు చిన్న మాటలు, దాదాపు విభక్తి ప్రత్యయాల లెక్క. సుమారు 375లో కైసరయ బిషప్పు బాసిల్‌కు కూడా ఈ ప్రత్యయాల మీదే గొడవ వచ్చింది. ఆరాధనలో ఆయన ‘కుమారుని ద్వారా, ఆత్మయందు’ అనడమే కాక ‘కుమారునితో, ఆత్మతో కూడ’ తండ్రికి మహిమ అని కూడా పలికాడు. కొందరు తప్పుబట్టారు. రెండూ సరైనవేనని ఆయన ఒక గ్రంథమే రాశాడు. ఒకటి మనం తండ్రి దగ్గరికి వెళ్లే దారిని చూపిస్తుంది, రెండోది ఆ ముగ్గురి సమాన ఘనతను. ఆదివారం నా ప్రార్థన నెమ్మదించింది. “తండ్రీ, నీ కుమారుణ్ణి మాకోసం పంపినందుకు వందనాలు. ప్రభువైన యేసూ, మాకోసం ప్రాణం పెట్టినందుకు వందనాలు. పరిశుద్ధాత్మా, మేము దీన్ని నమ్మేలా చేసినందుకు వందనాలు.” యేసుకు నేరుగా ప్రార్థించవచ్చని కూడా చెప్పాను. అపొస్తలుల కార్యాల్లో రాళ్లదెబ్బలకు స్తెఫను చనిపోతూ చేసింది అదే.

ప్రభువు బల్ల దగ్గర ప్రార్థన ముందే రాసుకోవడం మొదలుపెట్టాను. ఆశీర్వచనాన్ని ఆరాధన ముగిసిందన్న గంటలా పలకడం మానేశాను. కృప, ప్రేమ, సహవాసం, ఒక్కో మాట దగ్గర ఆగి పలికాను.

ప్రసంగాల్లో త్రిత్వం ‘గురించి’ చెప్పడం ఆపేశాను. ఆ ముగ్గురూ పని చేస్తూ కనిపించే భాగాలే తీసుకున్నాను. యేసు బాప్తిస్మం పొందిన యొర్దాను, గెత్సేమనే, యోహాను 17, గలతీ 4. గెత్సేమనే ఆదివారం, పన్నెండేళ్ల క్రితం అడిగిన ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టాను: యేసు ఎవరికి ప్రార్థన చేశాడు? మర్మం అని దాటేసినందుకు ఒప్పుకున్నాను. తర్వాత ఇలా అన్నాను: అక్కడ ఒక్కడే రెండు పాత్రలు వేస్తున్నాడంటే, ‘నా యిష్టము కాదు, నీ చిత్తమే’ అన్న మాట నటన అవుతుంది. చెమట నిజం, మాట అబద్ధం. పంపినవాడు లేకపోతే పంపబడినవాడూ లేడు. ‘తన అద్వితీయ కుమారుడిని అనుగ్రహించెను’ అన్న వచనంలో ఇచ్చినవాడూ ఉండడు, ఇవ్వబడినవాడూ ఉండడు. మన రక్షణంతా ఆ ఇవ్వడంలోనే ఉంది.

యోహాను 17:24 అన్నిటికన్నా లోతుగా దిగింది. ‘జగత్తు పునాది వేయబడకమునుపే నీవు నన్ను ప్రేమించితివి.’ లోకం పుట్టకముందు, దేవుడు ఒంటరిగా ఉంటే ఎవర్ని ప్రేమించాడు? ప్రేమించడానికి మనం పుట్టేదాకా ఎదురుచూడాల్సినవాడైతే, ప్రేమ ఆయన స్వభావం కాదు, మనవల్ల వచ్చింది. ఆ రోజు ఎవరూ ఆవులించలేదు.

సండే స్కూల్లో మంచు, గుడ్డు, సూర్యుడు ఉపమానాలన్నీ ఆపించాను. వాటి బదులు యొర్దాను కథ చెప్పి, “మాట్లాడేది ఎవరు? నీళ్లలో ఉన్నది ఎవరు? దిగి వచ్చేది ఎవరు?” అని పిల్లలను అడగమన్నాం. ఏడేళ్ల పిల్లలు కూడా సరిగ్గా చెబుతారు. ‘మరి ముగ్గురు దేవుళ్లా?’ అని అడిగితే, ‘కాదు, ఒక్కడే’ అని చెప్పి, ఎలాగో పూర్తిగా చెప్పలేమని ఒప్పుకోమన్నాం. మర్మం అన్న మాట అక్కడ సరిగ్గా సరిపోతుంది. ప్రశ్నను దాటేయడానికి వాడితే మాత్రం పిల్లలు కనిపెట్టేస్తారు.

పెద్దల్లో ఒకరు చివరిదాకా ఒప్పుకోలేదు. “దేవుడికి మన మనసు తెలుసు కదా, ఇంత రంధ్రాన్వేషణ ఎందుకు” అన్నారు. దేవుడికి తెలుసు, నిజమే. పక్కన కూర్చుని వింటున్న పిల్లవాడికి మన మనసు తెలియదు, మన మాటే తెలుసు.

నేను మార్చుకున్నవి

ఎవరైనా తప్పు బోధలోకి వెళ్లారని తెలిస్తే, ఇప్పుడు మొదట మా ఆరాధన రికార్డింగు వింటాను. ఆ బోధలో మేము చెప్పకుండా వదిలేసిన ఏ ప్రశ్నకు జవాబు దొరికిందో కనుక్కుంటాను. ప్రార్థిస్తున్నవాళ్లను అందరిముందు దిద్దను. ప్రసంగం రాసేటప్పుడు మార్జిన్‌లో ఒక ప్రశ్న రాసుకుంటాను: ఇందులో దేవుడు ఏం చేస్తున్నాడు, ఆ ముగ్గురిలో ఎవరు చేస్తున్నారు? చాలా వారాలు ఆ ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడే ప్రసంగం కుదురుతుంది.

ఇప్పటి పరిస్థితి

వెళ్లిన నలుగురిలో ముగ్గురు తిరిగొచ్చారు. ఆ అబ్బాయి నాకు చెప్పే, వేరే చోట మళ్లీ బాప్తిస్మం తీసుకున్నాడు. దానికి నేను ఇప్పటికీ బాధపడుతున్నాను. గెత్సేమనే ప్రసంగం ఎవరో పంపిస్తే విని ఫోన్ చేశాడు. అప్పటినుంచి నెలకోసారి కలిసి యోహాను సువార్త చదువుతున్నాం. ‘వ్యక్తులు’ అన్న మాట ఇంకా ఒప్పుకోడు. పోయిన నెల 17వ అధ్యాయానికి వచ్చాం, 24వ వచనం దగ్గర ఆగి, “ఇది మాత్రం నేను ఆలోచించాలండీ” అన్నాడు. అతని పేరు మా సభ్యుల పట్టికలోంచి ఇంకా తీయలేదు.

ఆ అమ్మగారు మళ్లీ ప్రార్థిస్తున్నారు. ఒక్కోసారి పాత మాటలే వస్తాయి, ఒక్కోసారి కొత్తవి. ప్రతి బుధవారం రోగుల పేర్లయ్యాక ఆవిడ ఆ అబ్బాయి పేరు చెబుతారు.